పద్నాలుగు వారాలు బాగున్నాడు

యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసులో, బల్ల మీద వారం వారం రాసిచ్చిన పద్నాలుగు కాగితాలు పరిచి ఉన్నాయి. రిటైరయ్యాక వారానికో గంట అలాంటి ఒక విద్యార్థికి తోడుంటానని ఒప్పుకున్న మాస్టారు వాటి వంక చూడలేకపోతున్నారు.

"అన్నిటిలోనూ 'బాగున్నాడు' అనే రాశారు, మాస్టారూ," అంది అక్కడి అధికారిణి.

"అడిగినప్పుడల్లా అదే చెప్పేవాడమ్మా."

"రెండో నెల నుంచే క్లాసులకి వెళ్ళడం లేదట."

"మొన్న మంగళవారం కూడా నవ్వుతూనే చెప్పాడు."

"బుధవారం పొద్దున మేం అతని గది తలుపు పగలగొట్టేసరికే ప్రాణం లేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ పెట్టుకోలేదు.

"రేపు వాళ్ళక్క వస్తోంది. మిమ్మల్ని కలవాలంటోంది. ఫోన్ చేసినప్పుడల్లా మీ గురించే చెప్పేవాడట."

"ఏ మొహం పెట్టుకుని కలవనమ్మా?"

"మీ తప్పేముంది? అతనే దాచాడు."

"దాచలేదమ్మా. మొదటిరోజు 'ఎలా ఉన్నావు' అంటే, పాపం, ఉన్నదంతా చెప్పబోయాడు. నిద్ర పట్టట్లేదన్నాడు, భయమేస్తోందన్నాడు. నేనే ఆపాను. అలా కాదు బాబూ, ఇక్కడ ఎవరడిగినా 'బాగున్నాను' అనాలి, అదే మర్యాద అన్నాను. నోరు తిరిగేదాకా పదిసార్లు అనిపించాను."