మింగని గుక్క

అబ్బ, ఆ చూపేంటండీ! ఆలస్యమైంది, ఒప్పుకుంటాను. జావ చల్లారిపోయింది, అదీ ఒప్పుకుంటాను. పక్షవాతం వచ్చి మంచాన పడ్డా మీ కళ్ళకి మాత్రం పెత్తనం తగ్గలేదు. నోరు పడిపోయింది కాబట్టి బతికిపోయాను గానీ, లేకపోతే ఈపాటికి మీ కేకలు వీధి చివరిదాకా వినిపించేవి.

వాసనా? వస్తుంది మరి. ఎక్కడికెళ్ళొచ్చానో చెప్తాను, ఉండండి. ముందు ఈ దిండు సర్దనివ్వండి. కాస్త అటు జరగండి... సర్లెండి, నేనే జరుపుతాను.

మీ వైన్ షాపుకెళ్ళాను. అవును, మీరు పనిచేసిన షాపుకే. కళ్ళు అంత పెద్దవి చెయ్యకండి, బీపీ పెరుగుతుంది.

అంతా ఆ డాక్టరుగారి వల్ల వచ్చింది. మొన్న మీ రిపోర్టులు చూస్తూ "ఈయనకి తాగుడు అలవాటుందా?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. "అలవాటేంటి డాక్టరుగారూ, ఆయన ఉద్యోగమే అది. రోజంతా ద్రాక్ష వైన్ రుచి చూడాలి, ఏ పీపా మంచిదో ఏది పాడైందో చెప్పాలి" అన్నాను. ఆయన కాగితం ఇటు తిప్పి అటు తిప్పి, "లివరు చిన్నపిల్లాడి లివరులా ఉందమ్మా. ఈ మనిషి తాగినవాడు కాడు" అన్నారు.

నేనేమన్నానో తెలుసా? రిపోర్టులు మారిపోయి ఉంటాయి, సరిగ్గా చూడండి అని ఆయన మీదే లేచాను. మీ తరఫున పోట్లాడటం నాకు అలవాటైపోయింది కదా!

అప్పట్లో మా అక్క వచ్చి, "నాతో వచ్చెయ్యవే, వాడు నిన్ను చంపేస్తాడు" అని నా చెయ్యి పట్టుకుని ఏడిస్తే, అక్కనే బయటికి పంపి తలుపేసుకున్నాను. "ఆయన బంగారం అక్కా. కొట్టేది ఆయన కాదు, ఆయన లోపలున్న తాగుడు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా ఎడం చెవిలోంచి రక్తం కారుతూనే ఉంది. ఆ చెవికి ఇప్పటికీ ఏమీ వినపడదు. అందుకే రోజూ ఇటు పక్కన కూర్చుంటాను, మీరు మూలిగితే వినపడాలని. ఎంత పిచ్చిదాన్ని!

డాక్టరుగారి మాట బుర్రలోంచి పోతేనా! లాండ్రీలో ఇస్త్రీ చేస్తున్నా అదే ధ్యాస. ఎవరిదో కొత్త చొక్కా వీపు మాడ్చేశాను. సరే, మీరెక్కడ ఎంత తాగేవారో కనుక్కొచ్చి ఆ డాక్టరుగారికే చెప్తాను, అప్పుడేమంటారో చూద్దాం అని, ముందు మీ షాపుకి ఎదురుగా, సాయంత్రాలు మీరు కూర్చునే బీరు ఫ్యాక్టరీకి వెళ్ళాను.

నా జన్మలో అలాంటి చోట అడుగుపెట్టలేదు. లోపలంతా ఉడికిన బార్లీ వాసన, తడి నేల, మనిషి కంటే ఎత్తు స్టీలు ట్యాంకులు. రబ్బరు బూట్లేసుకుని ఒక పెద్దాయన నేల కడుగుతున్నాడు. బీరు కాచే మేస్త్రీ ఆయనేనట. మీ భార్యనని చెప్పగానే చేతులు తుడుచుకుని కుర్చీ వేశాడు. నేను కూర్చోనైనా కూర్చోకుండా, "మా ఆయన ఇక్కడ రోజూ ఎంత తాగేవారు?" అని అడిగేశాను.

"ఆయనా? ఇక్కడ సోడా తప్ప ఏమీ ముట్టేవాడు కాదమ్మా. కొత్త బీరు రుచి చూసి చెప్పవయ్యా అంటే దండం పెట్టేవాడు. దీని చేదు గొంతులో తెలుస్తుంది, మింగితే గానీ పట్టుకోలేం. మీ ఆయన మింగనంటే మింగనన్నాడు" అన్నాడు.

మింగకుండా ఎవరైనా తాగుతారా? నాకేం అర్థం కాలేదు. నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, ఒక గ్లాసు నింపి ఇచ్చాడు. తాగాను. అవునండీ, నేనే! మొదటి గుక్క కషాయంలా ఉంది. గ్లాసు అయ్యేసరికి ఒళ్ళు దూదిలా తేలిపోయింది. ఆయన వాళ్ళ కుక్క ట్యాంకు వెనక ఇరుక్కుపోయిన సంగతి చెప్తుంటే పడీపడీ నవ్వాను.

ఆరోజు ఇంటికొచ్చి మీ ముందు నిలబడ్డాను, గుర్తుందా? చెయ్యెత్తాను. మీకు ఇలాగే కదా అయ్యేది, నాకూ ఏమవుతుందో చూద్దామని. చెయ్యి గాల్లో ఊగింది గానీ దిగలేదు. మీ చెంప మీద గురి కూడా సరిగ్గా కుదరలేదు. నవ్వుకుంటూ గోడకి జారబడి అలాగే నిద్రపోయాను.

పొద్దున లేచాక బుర్ర పనిచేసింది. మీకు ఎప్పుడూ గురి తప్పలేదేమండీ?

కొట్టే ముందు వాచీ విప్పి అల్మారాలో పెట్టేవారు. కిటికీ మూసేవారు. నేను పనికి వెళ్ళాల్సి ఉంటే మొహం జోలికి రాకుండా నడుం మీద, తొడల మీద, బట్టల కింద దాగేచోట కొట్టేవారు. నా కుడి మణికట్టు తలుపు సందులో పెట్టి తలుపు వేసిన రోజు, ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. మీరు తలుపు తీసి చూశారు. చూసి మళ్ళీ వేశారు. ఒళ్ళు తెలియని మనిషికి ఇన్ని పనులు వరసగా ఎలా గుర్తుంటాయి?

ఇక మర్నాడు నా కట్టు చూసి మొహం వేలాడేసుకుని ఒకటే మాట. "నాకేం గుర్తులేదే." నేను మిమ్మల్ని ఓదార్చేదాన్ని! కట్టు కట్టిన చేత్తో మీ కళ్ళు తుడిచాను.

అందుకే ఇవాళ షాపుకెళ్ళాను. మీ ఓనరమ్మ మంచిదండీ. వైన్ గురించి ఓనమాలు కూడా రావంటే దగ్గరుండి నేర్పించింది. గ్లాసు వంచి రంగు చూడాలట. తిప్పి వాసన పట్టాలట. కొంచెం నోట్లో పోసుకుని, గాలి పీల్చి, నాలుక మీద దొర్లించాలట. నేను గుటుక్కున మింగేశాను. ఆవిడ నవ్వి కాళ్ళ దగ్గరున్న బకెట్టు చూపించింది.

"మింగకూడదమ్మా, ఇందులో ఉమ్మెయ్యాలి. అన్నీ మింగుతూ పోతే నాలుక మొద్దుబారిపోదూ? ఈ పనిలో మీ ఆయన ఘనుడు. ఇన్నేళ్ళలో చుక్క గొంతు దిగనివ్వలేదు. షాపు మూసేవేళకి మా అందరికంటే తెలివిమీద ఉండేది ఆయనే" అంది.

మిమ్మల్ని పొగుడుతోంది పాపం! నేను తలూపుతూ నిలబడ్డాను. మీ చొక్కా చేతుల మీద ఊదా మరకలుండేవి చూడండి, తాగి ఒంపుకున్నారనుకుని నిమ్మచెక్కతో రుద్దీ రుద్దీ వదలగొట్టేదాన్ని. అవి బకెట్టులోంచి చిందిన ఉమ్మి మరకలట.

అయినా చూడండి, అప్పటికీ మిమ్మల్ని వదులుకోలేదు నేను. ఆవిడకేం తెలుసు, చాటుగా తాగేవారేమో అని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. అందుకే ఈ సీసా తెచ్చాను.

భయపడకండి, విషం కాదు. మీకు బాగా నచ్చినదేనట. ఒక్క చెంచా. డాక్టరుగారికి నేను చెప్పుకుంటాలెండి. తాగే మనిషయితే, ఇన్నాళ్ళకి దొరికిందని గుటుక్కున మింగేస్తారు. నోరు తెరవండి. ఊఁ, మింగండి. మీరు మింగితే ఇన్నేళ్ళూ నేను నమ్మిందే నిజం. నా కోసం మింగండి. దండం పెడతాను, మింగండి.

ఉమ్మేశావు.

జావ మింగుతావు. మాత్రలు మింగుతావు. ఇది మాత్రం, సగం నోరు చచ్చిపోయినా మిగిలిన సగంతో గాలి పీల్చి, నాలుక మీద దొర్లించి, తల పక్కకి వాల్చి ఒడుపుగా ఉమ్మేశావు. నా ఒళ్ళో.

అయితే అంతా తెలిసే చేశావు. చెవి పగలగొట్టింది తెలిసే. తలుపు రెండోసారి వేసింది తెలిసే. గుర్తులేదే అని నా ముందు ఏడ్చింది కూడా తెలిసే!

ఉండు, కిటికీ మూసొస్తాను. నాకు వాచీ లేదు, గాజులు తీసి అల్మారాలో పెడతాను.

ఏంటా చూపు, నువ్వు అంటున్నాననా? ఇకనుంచి అంతే. నా నోట్లో వాసన చూసి తాగొచ్చాననుకోకు. ఆ మొదటి గుక్క ఎప్పుడో దిగిపోయింది. తర్వాతవన్నీ ఉమ్మేశాను, నీలాగే.

ఇది చెవికి. ఎడం చెయ్యే, కుడిది నువ్వు విరిచావుగా. ఇస్త్రీ పెట్టె లాగీ లాగీ ఇదే బాగా గట్టిపడింది.

ఇది మణికట్టుకి. మూలుగు, ఫరవాలేదు, కిటికీ మూసే ఉంది.

ఇది మా అక్కకి.

చూశావా, ఒక్కటీ గురి తప్పలేదు. చెయ్యి వణకను కూడా లేదు. పెదవి చిట్లింది, కదలకు, తుడుస్తాను.

నీకొక్కడికే చెప్తున్నాను. బాగుంది. కడుపు నిండినట్టుంది. సిగ్గుపడాలి గానీ, సిగ్గు రావట్లేదు. నీకూ ఇలాగే ఉండేదా?

సరే, జావ వేడి చేసి తెస్తాను. పొద్దున నర్సమ్మ వచ్చి, ఈ దెబ్బలేంటి అని అడుగుతుంది. నువ్వెలాగూ చెప్పలేవు. నన్నడిగితే మొహం వేలాడేసుకుంటాను. "నిన్న కొంచెం తాగానమ్మా," అంటాను, "నాకేం గుర్తులేదు."