నల్లవాళ్ళ ఊపిరి లెక్క

బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో ఊపిరి పరీక్ష గది. ఇనప కొలిమి దగ్గర వయసంతా కరిగించుకున్న పెద్దాయన గొట్టం నోట్లోంచి తీసి, రొప్పుతూ, పరీక్ష చేసే అమ్మాయి ముఖంలోకి చూశాడు.

“ఏంటి తల్లీ, పోయినేడాది ఊదినంత ఊదానా?”

“అంతే ఊదారు సార్. కానీ అప్పుడు బాగుందన్న మిషనే, ఇప్పుడు ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయంటోంది.”

“ఒకే ఊపిరికి రెండు మాటలా?”

“లెక్క మార్చారు. ఇదివరకు మనిషి నల్లవాడో తెల్లవాడో కూడా మిషన్లో కొట్టేవాళ్ళం. మన నల్లవాళ్ళకి పుట్టుకతోనే ఊపిరి తక్కువని పాత లెక్క. అందుకే తక్కువొచ్చినా సరిపోయిందనేది. అది తప్పని ఇప్పుడు తేల్చారు.”

“పుట్టుకతోనే ఊపిరి తక్కువైన వాళ్ళని ఏరికోరి కొలిమి ముందు నిలబెట్టారన్నమాట!”

ఆ అమ్మాయి ఆయన చేతిలోని గొట్టం అందుకుంది.

“మా తమ్ముడు లవెల్ కూడా ఇక్కడే ఊదాడు. నీకేం ఢోకా లేదు, పనిలోకి పో అన్నారు. మెట్లెక్కలేక కూలబడితే, దొంగ నాటకాలన్నాడు ఫోర్‌మన్. మార్చిలో పూడ్చిపెట్టాం.”

“అయ్యో, నాకు తెలీదు సార్.”

“వాడు ఊదింది మీ మిషన్లో ఉంటుందిగా? ఈ కొత్త లెక్కలో వేసి చూడు.”

ఆమె వేళ్ళు మీటల మీదికి వెళ్ళి ఆగిపోయాయి.

“పోయినవాళ్ళవి మళ్ళీ చూడం సార్. ఆ పద్ధతి లేదు.”

“ఉన్నప్పుడు మాత్రం చూశారా, తల్లీ?”