మొహమాటం ముద్ద

ఒసాకాలో ఒక విశ్వవిద్యాలయం. సామాజిక మనస్తత్వ శాస్త్రం తరగతికి ముందు, ఖాళీ గదిలో చివరి సంవత్సరం తమాకి, మొదటి సంవత్సరం సోహేయి. ఇద్దరి మధ్యా తకోయాకి పళ్ళెం. ఆక్టోపస్ ముక్క లోపల పెట్టి గుంతపొంగణాల్లా కాల్చే ఉండలవి. పళ్ళెం ఖాళీ.

"మళ్ళీ అడుగుతున్నాను సోహేయి. పైన పచ్చగా ఎండు సముద్రపు నాచు చల్లి ఉన్న ఆ ఆఖరి ఉండ ఏమైంది?"

"లేదండీ."

"లేదని నాకూ కనపడుతోంది. ఏమైందని అడుగుతున్నాను."

"నేను టీ తేవడానికి వెళ్ళేటప్పుడు ఉంది. వచ్చేసరికి లేదు."

"కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

"ఆక్టోపస్ కదా సీనియర్, కాళ్ళకేం లోటు."

"నవ్వించకు! నేను కోపంగా ఉన్నాను."

"నవ్వకండి. ఇవాళ నవ్వకపోతేనే మంచిది."

"మన ప్రయోగమంతా దాని మీదే కదయ్యా! మనవాళ్ళు కూర్చుని ఎంత ఇష్టంగా తిన్నారు! ఆఖరిదాని దగ్గరికొచ్చేసరికి అందరి చేతులూ ఒళ్ళోకి వెళ్ళిపోయాయి. 'మీరు తీసుకోండి', 'అబ్బే, మీరే తీసుకోండి'..."

"మొహమాటం ముద్ద."

"అదే. ఈ ఊళ్ళో పిల్లలకి కూడా తెలిసిన పేరు. చుట్టూ జనం పెరిగేకొద్దీ ఆ ముద్దకి ఆయుష్షు పెరుగుతుందని చెబుదామనుకున్నాం. ఇప్పుడేం చెప్పను? ముద్ద మాయమైందనా?"

"ఎవరో తిన్నారందాం."

"ఎవరో అంటే?"

"ఎవరో."

"అందరూ వెళ్ళిపోయాక గదిలో మిగిలింది నువ్వు."

"మీరూ ఉన్నారు కదా..."

"నువ్వు టీ తెచ్చేసరికే నేను గుమ్మంలో ఉన్నాను. డిగ్రీ ఆల్బం ఫొటోకి వెళ్తూ."

"అవును. గుమ్మంలో చూశాను. నవ్వుతూ వెళ్ళారు."

"అయితే?"

"ఏం లేదు. ఫొటో బాగా వచ్చిందా?"

"మాట మార్చకు. వచ్చే ఉంటుంది. ఆ ఫొటోగ్రాఫర్ ఒక వింత మనిషి. అందరినీ బాగా నవ్వమన్నాడు. నన్ను మాత్రం, పెదాలు మూసుకుంటే హుందాగా ఉంటుందన్నాడు."

"పాపం."

"ఎవరు?"

"ఆయనే. పక్కన ఇంకెవరైనా ఉన్నారా?"

"మా బ్యాచంతా ఉంది. ఎందుకు?"

"ఊరికే."

"సోహేయి, నా పరిస్థితి తెలుసా నీకు? మొదటి సంవత్సరంలో గట్టెక్కాల్సిన సబ్జెక్టు ఇది. తప్పాను. ఏప్రిల్లో ఉద్యోగంలో చేరాలి. ఇది పోతే డిగ్రీ పోతుంది, డిగ్రీ పోతే ఉద్యోగం పోతుంది. మా అమ్మ అప్పుడే ఆఫీసు కోటు కూడా కొనేసింది."

"అయ్యో."

"ఇందాక వరండాలో ప్రొఫెసర్ గారు ఎదురయ్యారు. 'ఎవరి నివేదిక వాళ్ళు చెప్పాలి, మొదట మీరే' అన్నారు. అంటూ నా మొహం కూడా చూడలేదు. కిటికీలోంచి గింకో చెట్టుని చూస్తూ మాట్లాడారు. ఆయనకి నా మీద నమ్మకం పోయింది."

"నమ్మకం కాదేమో సీనియర్."

"మరి?"

"చెట్టు బావుందేమో. ఆకులు పసుపెక్కాయి కదా."

"వెటకారాలు ఆపు. చూడు, తిన్నానంటే నేనేమీ అనను. ఒక్క మాటతో పోతుంది."

"నేను తినలేదండీ."

"నీ సీనియర్ని అడుగుతున్నాను."

"అవునండీ."

"మొదటి రోజు క్యాంటీన్లో ఏ వరసలో నిలబడాలో తెలియక బిక్కమొహం వేస్తే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఎవరు?"

"మీరేనండీ."

"అలాంటి నాతో అబద్ధమా?"

"క్షమించండి."

"అంటే?"

"అంటే... క్షమించండి."

"ఏం చేశావని?"

"తిన్నానేమోనండీ."

"ఏమోనా?"

"తిన్నాను. నేనే తిన్నాను."

"ఎలా ఉంది?"

"చల్లారిపోయింది. కానీ బావుంది. లోపల ముక్క పెద్దదే పడింది."

"అబ్బబ్బ! ముక్క సంగతి కూడా! సోహేయి, నువ్వు బంగారానివయ్యా!"

"ఏమైంది సీనియర్?"

"తిన్నది నువ్వు కాదు నాయనా. నేను!"

"ఆఁ?"

"నువ్వలా టీకి వెళ్ళావు, నేనిలా నోట్లో వేసుకున్నాను. నా అసలు ప్రయోగం ముద్ద మీద కాదు, నీ మీద. పెద్దవాళ్ళు గట్టిగా నిలదీస్తే, చేయని తప్పు కూడా మనవాడు ఒప్పుకుంటాడా లేదా అని. నువ్వు ఒప్పుకోవడమే కాదు, రుచి కూడా చెప్పావు!"

"ఓహో."

"కోపమొచ్చిందా?"

"లేదండీ."

"వచ్చినా కాస్త దిగమింగు. ప్రొఫెసర్ గారి నియమం తెలుసు కదా. మోసం చేసి పరీక్షిస్తే, ఆ మనిషికి నిజం చెప్పి, సరేననిపించుకున్నాకే తరగతిలో నోరెత్తాలి. నువ్వు కాదంటే నా దగ్గర ఇంకేం లేదు. నా ఉద్యోగం, మా అమ్మ కొన్న కోటు, అన్నీ నీ ఒక్క మాట మీదున్నాయి."

"సరే, చెప్పుకోండి. అయితే సీనియర్, నా నివేదిక కూడా ఒకటుంది. మీకు తెలియకుండా చేశాను. దానికి మీరు సరేననాలి."

"నా మీదా? ఎప్పుడు చేశావు?"

"ఫొటోకి బయల్దేరారే, అప్పటి నుంచి. నేనొక్కణ్ణే కాదు, చాలామంది సాయం చేశారు. సాయం చేస్తున్నామని వాళ్ళకీ తెలియదు."

"దేని గురించి?"

"పోయిన వారం పాఠమే. చూసినవాళ్ళు ఎంత ఎక్కువైతే, నోరు విప్పేవాళ్ళు అంత తక్కువ. ఎవరికి వాళ్ళు పక్కవాడు చెబుతాడులే అనుకుంటారు."

"ఏం చూశారు? ఏం చెప్పలేదు?"

"ముందు సరే అనండి."

"నువ్వు నాది ఒప్పుకున్నాక నేను కాదంటానా? సరే. పదిమందిలో చెప్పుకో. ఇప్పుడు చెప్పు, ఏంటది?"

"మీ ముందుపళ్ళ మధ్య నాచు ఇరుక్కుంది సీనియర్. ఇంత పచ్చగా. నేను టీకి వెళ్ళేటప్పుడు లేదు, వచ్చేసరికి గుమ్మంలో చూశాను. ఫొటోగ్రాఫర్ చూశాడు, మీ బ్యాచంతా చూసింది, ప్రొఫెసర్ గారూ చూశారు. ఒక్కరు కూడా చెప్పలేదు."

"అద్దం! అద్దం ఉందా నీ దగ్గర?"

"గంట మోగింది. పదండి, మొదట మీరే."

"ఆగు! అంటే తిన్నది నేనేనని నీకు మొదటి నుంచీ తెలుసా? తెలిసి నువ్వెందుకు ఒప్పుకున్నావు? నా ప్రయోగం కాస్తా పోయిందిగా!"

"పోలేదండీ. చేయని తప్పు ఒప్పుకున్నాను కదా. కారణమొక్కటి మార్చుకోండి చాలు. తిన్నది మీరేనని అనాలంటే పళ్ళ సంగతి ఎత్తాలి. మొహమాటమేసింది."