బోరింగు కాడి పుదీన

ఇట్ల కూసో నవీనమ్మా, ఆ చాప మీద. ఏందట్ల మొహం వేలాడేసినవ్? కొత్త ఆస్పత్రిల పొద్దంతా కూసున్నా జరమని ఒక్కలూ రాలేదంటవ్, అంతేనా. మా గొల్లపల్లోళ్లు అంతే బిడ్డా, సూదంటే దడుపు, నర్సంటే అనుమానం. వీళ్లతోటి ఆస్పత్రి గడప తొక్కించిన మనిషి ఒక్కతే ఉండె, మా అత్త దుర్గమ్మ. పుదీన దుర్గమ్మంటే పామేడు దాకా తెల్సు. అంట్లు తోమిన నీళ్లు పారే కాడ పుదీన పెట్టి పెరడంతా పాకిచ్చింది. కడుపుబ్బితే కషాయం, వేవిళ్ల పిల్లకి నిమ్మరసంల నలిపి చుక్క చుక్క తాగిచ్చుడు, పంటి చిగురు వాస్తే ఉప్పేసి నమలమనుడు. ఎండు ఆకు దుప్పట్ల మడతలల్ల కూడా పెట్టేది, పురుగు రాదని. ఇప్పసారా తాగి వాసన పోను ఆకు అడగొచ్చే మొగోళ్లని మాత్రం, "నోరు సరే, తూలే కాళ్లకేం రాస్తవ్రా" అని తరిమేది. నన్ను తిట్టని పూట కూడా లేదు, అది వేరే కత, నీకెందుకులే.

ఆ, ఏం చెప్తున్న? మా వాడకట్టుల ఉండే కేసా పెద్దకొడుక్కి చలిజరం వచ్చింది. అప్పుడు ఆస్పత్రి వాగు అవతల. మా అత్త కషాయమే చాలనుకొని వాళ్లు తీస్కపోలే. పిల్లగాడు దక్కలే. ఆమె ఎవ్వల్నీ తిట్టకుండ కూసున్నది నేను అప్పుడే చూసిన. తర్వాత ఒకనాడు పుదీన వేర్లు తడిగుడ్డల చుట్టుకొని వాగు దాటింది, ఆస్పత్రి బోరింగు కాడ నాటింది. అక్కడి నర్సమ్మతోటి ఏమన్నది? "ఆకు ఊరికే ఇయ్యకు. వేలు గుచ్చి రక్తం చూసినంకనే ఇయ్యి. నీ చేదు గోలీ పిల్లలు కక్కకుండ పుదీన నీళ్లతోటి మింగియ్యి." ఊర్లకొచ్చి ఏమని చాటింది? "నా పెరట్లది కడుపుకే. జరానికి బోరింగు కాడి ఆకే పన్చేస్తది." మొదలు పోయింది మా ఊరి ఇర్మె, జరమొచ్చిన కూతుర్ని వీపున కట్టుకొని. "ఆకు ఆకే గదా పెద్దమ్మా, ఇక్కడిదే ఇయ్యరాదా" అంటే, "నీళ్లు వేరు, గుణం వేరు, నడువ్" అన్నది. ఆ పిల్ల బతికింది. ఎవరనుకున్నవ్? నీ ఆస్పత్రి ఊడ్చే పిల్ల, కోసి అని పిలుస్తరు గదా. ఆ, ఆమెనే, పొద్దున నీకు టీ పోసింది.

అబద్ధమా? అబద్ధమే మరి. నువ్వు నిజం చెప్పి చూస్తివి గదా, ఎవ్వలొచ్చిండ్రు? నీ ఆస్పత్రికీ బోరింగుంది. ఆ డబ్బాల పుదీన వేర్లు తడిపి పెట్టిన, నీకోసమే. ఆగు, అటు చూడు. భూషణం కోడలు వస్తున్నది, భుజాన పిల్లగాడు వాలిపోయిండు. డబ్బా పట్టుకొని పెరటి దారిన ఉరుకు బిడ్డా, నాటి నీ పరీక్ష సామాను తీసి పెట్టు. వెనకే పంపిస్త.

దామ్మా, దా. ఏంది, పుదీన కావాల్నా? పిల్లగాని ఒళ్లు చూడనీ. ఇది జరం గదనే. నా పెరట్ల ఆకు దీనికి పన్చెయ్యదు తల్లీ.