కుమ్మరి వాకిట్లో మేళం ఎందుకాగుద్దంటే

కుమ్మరి నాంచారమ్మని మీరెవరూ చూసుండరు. నేనూ చూళ్ళా, మా నాయనమ్మ చూసింది. పొట్టి మనిషంట, నోరు మాత్రం ఊరంతంట. మొగుడు పున్నయ్య నోట్లో నాలికున్నట్టే తెలిసేది కాదు, ఆయన మాటలు కూడా ఈమే మాట్టాడేసేది అనుకో. ఒకరోజు ఏమైందంటే, పున్నయ్య కావిడేసుకుని చెరువుకి పోయాడు, బంకమన్నుకి. రెండు గంపల మన్ను రావాలా, ఇంటికొచ్చేటప్పటికి ఒక గంపలో మన్నుంది, రెండో గంపలో కుక్కుంది. మన్ను తవ్విన గుంటలో పడిపోయి, పైకి దారి తెలీక, ఎన్నాళ్ళున్నదో ఏమో, ఎముకలు లెక్కపెట్టచ్చంట. రెండు కళ్ళూ తెల్లగా గవ్వల్లాగ ఉన్నాయి. చూపు లేదు. నాంచారమ్మ కుక్కని చూసింది, మొగుణ్ణి చూసింది. ఏందయ్యా ఇది, కుమ్మరోడి వాకిట్లో కళ్ళున్న కోడే కుదురుగా తిరగదు, గుడ్డికుక్కని తెస్తావా, పచ్చికుండలు ఆరబెట్టుకునేది యాడ, మనం తినేది ఏంది అని తిట్లు ఎత్తుకుందంట. అంతా విని పున్నయ్య, "ఆ గుంట తవ్వింది నేనే గదే," అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఏడాదికొక మాట మాట్టాడే మనిషి ఆ మాటంటే ఏమంటుంది చెప్పండి. సరే ఉండనీ, ఒక్క కుండ పగిలిందా, ఆ పూటే దీన్ని పొలిమేర దాటిస్తా, అప్పుడు నువ్వు నోరెత్తబాక అనింది. పున్నయ్య తలూపాడు.

ఆయన దానికి గవ్వ అని పేరెట్టాడు. నాంచారమ్మ ఆ పేరు నోట రానిచ్చేది కాదు. పేరెట్టి పిలిచినదాన్ని పొమ్మనటం కష్టమని ఆమె భయం. మరి కూటికి పిలవాలి గదా. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. సారె మీద నుంచి తీసిన కుండకి అడుగుండదు. లోపల రాయి ఆనించి, పైన చెక్కతో తట్టి తట్టి అడుగు మూయాలి. ఆ తట్టే పని నాంచారమ్మది. పొద్దస్తమానం ఆ వాకిట్లో అదే చప్పుడు. కూడు పెట్టేటప్పుడు ఆ చెక్కతోనే పక్కనున్న పాత కుండ మీద మూడు దెబ్బలు కొట్టేది. టప్, టప్, టప్. గవ్వ లేచి, ముక్కు నేలకి ఆనించుకుని, ఆరబెట్టిన కుండల సందుల్లోంచి ఒక్కో అడుగే వేసుకుంటా వచ్చేది. తోక మాత్రం పైకెత్తి పెట్టుకునేది, కుండకి తగలకుండా. నవ్వబాకండి, మా నాయనమ్మ కళ్ళారా చూసి చెప్పిన మాట. వానలు పోయి చలి పట్టేటప్పటికి అది ఆమె మోకాలికి ఆనుకుని పడుకునేది. చెక్క చప్పుడు ఆగితే తలెత్తేది. "ఉన్నాలే, పడుకో," అనేది నాంచారమ్మ. పేరు మాత్రం పెట్టి పిలవదు, మళ్ళీ ఆ పంతం పంతమే.

అట్టా ఉండగా మాఘమాసం వచ్చింది, మునసబు గారింట్లో పెళ్ళి కుదిరింది. అరివేణి కుండలంటే ఇప్పటి పిల్లలకి తెలీదు గదా, సున్నం పూసి, ఎర్రమన్నుతో గీతలు గీసి పెళ్ళిపందిట్లో పెట్టే కుండలు. మేళంతో వచ్చి కుమ్మరింట్లోంచి తీసకపోవాలి. వాటిల్లో ఒక్కటి పగిలినా పిల్ల కాపురానికి మంచిది కాదని పట్టింపు. మొగుడూపెళ్ళాం వాకిట్లో గడ్డి పరిచి కుండలు వరసగా నిలబెట్టారు. పెళ్ళోళ్ళు వచ్చారు. డోలోడు వాకిట్లోకొచ్చి ఒక్కసారి వాయించేటప్పటికి, గోడ పక్కన నిద్దరపోతున్న గవ్వ అదిరిపడి లేచి ఉరికింది. ఎటు ఉరికిందంటే, సరిగ్గా అరివేణి కుండల నడిమికి. అక్కడ నిలబడి గజగజ వణుకుతా ఉంది. ఇటు కుండ, అటు కుండ, పక్కకి ఒరిగితే చాలు. పోయి ఎత్తుకోవచ్చు గదా అంటున్నావా? బెదిరిన గుడ్డికుక్క మీద చెయ్యేస్తే ఎగురుద్ది, ఎగిరితే ఉన్నయ్యన్నీ పోతాయి. నాంచారమ్మ చెక్క తీసుకుని మూడు దెబ్బలు కొట్టింది. డోలు ముందు అదేం వినపడుద్ది. మళ్ళీ కొట్టింది. గవ్వ ఒక కాలు ఎత్తింది, యాడ పెట్టాలో తెలీక అట్టనే గాల్లో పట్టుకుంది.

పున్నయ్య పెళ్ళాం వంక చూశాడు. ఆమె ఊరకుంటే చాలు, కుండ పగులుద్ది, ఆమె మాట ప్రకారం కుక్క పొలిమేర దాటుద్ది. ఆమె ఊరుకోలా. మేళం ఆపండయ్యా అని అరిచింది. పెళ్ళికూతురి మేనత్త అడ్డమొచ్చి, శుభమా అని వాయిస్తంటే నడిమధ్యలో ఆపమంటావా, అపశకునం గాదూ అనింది. "కుండ పగిలినా అపశకునమే గదమ్మా. రెండిట్లో నీకేది కావాలో చెప్పు," అనింది నాంచారమ్మ. మేనత్త డోలోడికి చెయ్యూపింది. డోలు ఆగింది, సన్నాయి ఆగింది, వాకిట్లో ఉన్న అరవైమందీ చూస్తా ఉన్నారు. టప్, టప్, టప్. "రా గవ్వా," అనింది. ఆ పేరు ఆమె నోట రావటం అదే మొదలంట. గవ్వ చెవులు ఇటు తిప్పింది. ఎత్తిన కాలు దించింది, తోక పైకి పెట్టింది, ఒక్కో అడుగే వేసుకుంటా వచ్చి ఆమె ఒళ్ళో మూతి పెట్టేసింది. ఒక్క కుండ కదల్లా. నాంచారమ్మ అంతమంది ముందరా దాన్ని కావలించుకుని ఏడ్చింది. అప్పుడు పున్నయ్య, "పొలిమేర దాకా నేనూ రానా?" అన్నాడంట. ఆ ఏడాదికి అది రెండో మాట. ఆమె చెక్క తీసి మొగుడి మీదకి విసిరింది, కుండలకి తగలకుండా చూసుకునే విసిరింది అనుకో.

ఆ పిల్ల కాపురం చల్లగా ఉందంట. దాంతో తర్వాత పెళ్ళోళ్ళు, మునసబు గారింటికి చేసినట్టే మాకూ చెయ్యండి అన్నారు. మేళం ఆపటం, మూడు దెబ్బలు కొట్టటం, అప్పుడు కుండలెత్తటం, అదే ఆచారమైపోయింది. ఆ గవ్వ పోయింది, నాంచారమ్మ పోయింది, ఆ వాకిలీ పోయింది, మొండిగోడ ఒక్కటి మిగిలింది. కుండలిప్పుడు టౌన్లో రంగులేయించుకుని ఆటోలో వస్తన్నాయి. అయినా మొన్న పెళ్ళికి ఆ గోడ దగ్గర బ్యాండు ఆగిందా లేదా? ఆగింది. ఆడోళ్ళు గరిటెతో మూడు దెబ్బలు కొట్టారు. కొత్త పంతులు నా పక్కకి ఒంగి, ఇది ఏ శాస్త్రంలో ఉందమ్మా అనడిగాడు. నాకు మాత్రం, ఎన్నడూ చూడకపోయినా, తోకెత్తుకుని నడిచొచ్చే కుక్క కనపడింది.