పెన్నేట్లో పడవ

జమ్మలమడుగు కోర్టు బయట, చెట్టు కింద ఆపిన కారులో రాజశేఖర్, వాళ్లమ్మ గురమ్మ కూర్చున్నారు. కారెక్కినప్పటి నుంచీ కొడుకు తల్లికి సాక్ష్యం నేర్పుతూనే ఉన్నాడు.

"ఇంగొకసారి చెప్పుమా. పెన్నేట్లో పడవ?"

"లేదు."

"అట్ల గాదు. కాపురానికొచ్చినప్పటి నుంచి ఒక్క పడవ గూడా చూల్లేదనల్ల."

"ఒక్కటి గూడానా?"

"ఒక్కటి గూడా. పడవలు తిరిగిన ఏరని జడ్జి తేల్చినాడంటే ఏటి నేలంతా సర్కారుది. తిరగల్యాదంటే మన చేని గట్టు కాడ్నించి నడిమేటి దాకా మనది. ఇసకంతా మనదేమా."

"ఆ పక్క సాక్షెవరు?"

"ఉండాడొక ముసలోడు. నువ్వు ఆ పక్క చూడొద్దు."

"ఎవరప్పా?"

"కరీముల్లా అంట. ప్రొద్దుటూరు నుంచి పిల్చకొచ్చినారు. మన ఊరి రేవులో పడవేసి జనాన్ని దాటిస్తాంటినంటాడు. ఎవురో దుడ్లిచ్చినారు, చెప్తాండాడు."

"దుడ్లకు చెప్పే మనిషి గాదు."

"నీకు తెల్సా?"

"ఆ నీళ్ల బాటిలియ్యి."

"అమ్మా. నీకు తెల్సా ఆయప్ప?"

"ఈ యేడు ఏట్లో పసుపు కుంకుమ ఇడ్సొద్దంటివే, ఎందుకు?"

"ఎందుకిడుస్తారని వాళ్ల లాయరు అడుగుతాడు. అక్క సంగతి బయటికొస్తాది. అడిగినా, రేవులో కాలు జారి పడిందని చెప్పు. నాయన చెప్పిందే."

"మీ నాయన నీకు చెప్పిందే."

"మరింకేంది?"

"నీకప్పుడు రెండేండ్లు. ఒళ్లు కాలిపోతాండాది. ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోవల్ల. బ్రిడ్జి యాడుంది అప్పుడు? ఏరు నిండుగా పారతాంది. పడవెయ్యను రెడ్డీ అన్న్యాడు కరీముల్లా. మీ నాయన గదిమి ఎక్కించినాడు. అక్కా ఉండె."

"అమ్మా, ఇప్పుడా ఇదంతా..."

"నడిమేట్లో తిరగబడె. తప్పంతా కరీముల్లాదేనని ఊర్లో నుంచి ఎల్లగొట్టినాడు మీ నాయన. నేను నోరు మూసుకోనుంటి."

"పేరు పిలుస్తాండారు, దిగు. లోపల పడవ లేదనే చెప్పల్ల. ఆ ముసలోడు అబద్ధాలకోరు, అంతే."

"ఆ అబద్ధాలకోరే శేఖరా, నిన్ను ఒడ్డున పడేసి, అక్క కోసం మళ్లా ఏట్లో దూకింది."