మా బావమరిది పెట్టుకున్న నలుపు

పందొమ్మిది వందల తొంభై నాలుగు. వానలు వెనకబట్టాయి, చలి ఇంకా రాలేదు, మా ఉంజింటో ఊరి మిల్లులో చెరకు ఆడటం ఇంకా మొదలవలేదు. అక్కణ్ణుంచి రాసుకో బాబూ. నువ్వడిగింది అది కాదని నాకు తెలుసు. "తాతగారూ, డెబ్భై ఎనిమిదేళ్లొచ్చినా మీ మొహం ఇంత నున్నగా ఉంది, ఏం రాస్తారు?" అని కదా నువ్వడిగావు. అందరూ అదే అడుగుతారు. ఏం రాస్తావు, ఏ సీసా, ఏ డబ్బా. సీసా లేదు నాయనా అంటే నమ్మరు. నువ్వూ నమ్మలేదు, ఆ నవ్వు చూస్తే తెలుస్తోంది.

సరే, ముందు అదే చెప్పేస్తాను, లేకపోతే నీ ధ్యాసంతా దాని మీదే ఉంటుంది. గడ్డం గీసుకునే ముందు వేడినీళ్లలో పిండిన తువ్వాలు మొహం మీద వేసుకుని కాసేపు కూర్చో. పరిగెత్తకు. తర్వాత నాలుగు చుక్కలు కొబ్బరినూనె, దాని మీద నురగ. వెంట్రుక ఎటు పోతే కత్తి అటే పోవాలి. ఎదురు గీస్తే ఆ రోజుకి నున్నగానే ఉంటుంది, వారం తిరిగేసరికి మెడ మీద పొక్కులు లేస్తాయి. అయ్యాక చన్నీళ్లు, పటిక. ఆదివారం పూట పెసరపిండి, కాస్త పసుపు. ఎండలోకి పోతే టోపీ, చెవులు కూడా మూసేది. అంతే. మీ వయసు వాళ్లు డర్బన్ షాపుల్లో కొంటున్నారు చూడు, మగవాళ్ల క్రీము అని, నల్లడబ్బాలో పెట్టి అమ్ముతారే, అందులో ఏముందో అమ్మేవాడికి తెలియదు, పూసుకునేవాడికీ తెలియదు. మొహం మటుకు పూసుకునేవాడిది.

నాకెందుకు ఇంత కోపమంటే, మేము మంగలివాళ్లం. మా తాత ఈ దక్షిణాఫ్రికాలో ఓడ దిగినప్పుడు మూటలో రెండు కత్తులు, ఒక పటికముక్క. తెల్లవాళ్లు ఆయన్ని తెచ్చింది చెరకు కొయ్యడానికే. ఆదివారం మాత్రం కూలీలుండే బారక్సు ముందు పీట వేసుకుని గడ్డాలు గీసేవాడు. తర్వాత మా నాన్న, తర్వాత నేను. మెయిన్ రోడ్డు మీద రెండు కుర్చీల షాపు నాది. గడ్డానికి టిక్కీ ఇచ్చేవారు, టిక్కీ అంటే మూడు పెన్నీల బిళ్ల. తొంభై నాలుగు నాటికి నాలుగు రాండ్లు. కాదు, ఐదు. ఐదే.

చదువు ఎక్కడిదంటావా. పగలు పని. పొద్దుగూకాక మిల్లు బారక్సులో ఒక పెద్దాయన లాంతరు పెట్టుకుని తెలుగు అక్షరాలు చెప్పేవాడు. ఇరవై రెండేళ్లొచ్చాక పలక పట్టాను, చిన్నపిల్లలు నవ్వేవారు. ఇంగ్లీషు కూడా ఆయన దగ్గరే. అందుకే నువ్వు ఆంధ్రా నుంచి వచ్చి అడిగితే నీతో ఇలా కూర్చుని మాట్లాడుతున్నాను. నా మనవలకి 'తాతా', 'అన్నం', 'ఛీ' తప్ప మరేం రాదు. ఏం చెబుతున్నాను... ఆఁ, అప్పల్సామి.

అప్పల్సామి మా ఆవిడ నరసమ్మకి తమ్ముడు. నాకంటే ఆరేళ్లు చిన్న. ఉంజింటో నుంచి డర్బన్‌కి బస్సు నడిపేవాడు. దారిలో ఎక్కడ ఏ ముసలమ్మ చెయ్యెత్తుతుందో వాడికి తెలుసు, జులూ వాళ్లకీ, మనవాళ్లకీ ఒకటే మర్యాద. కండక్టరు కుర్రాడు వాణ్ణి 'మడాలా' అనేవాడు. పెద్దాయన అని. ఆ నోట్లో అది గౌరవమే.

ఆ ఏడు బస్సుల యజమాని చనిపోయి కొడుకు చేతికొచ్చింది. ఎవరో తెల్లవాడు కాదు, మనవాడే, డర్బన్ పక్కన మనవాళ్లుండే మెరీబ్యాంక్‌లో పెరిగినవాడు. అందుకే నాకు ఇంకా మంట. డ్రైవర్లందరినీ యార్డులో నిలబెట్టి ఏమన్నాడో తెలుసా. దేశం మారుతోంది, కొత్త బస్సులొస్తాయి, కొత్త యూనిఫారాలొస్తాయి, స్టీరింగు దగ్గర ముసలి మొహాలు కనబడకూడదు అన్నాడు. యాభై ఐదు దాటినవాళ్లు యార్డులో బస్సులు కడగాలట. నెలాఖరుకి ఫోటోలు, కొత్త కార్డులు. వాడు పుట్టకముందే బస్సు తోలినవాళ్లని పట్టుకుని ఆ మాట అన్నాడు.

అప్పల్సామికి యాభై ఎనిమిది. కానీ కాయితం మీద యాభై మూడు, మా మామ అయిదేళ్లు ఆలస్యంగా రాయించాడు, అప్పట్లో అందరూ అంతే. వాడి తల మటుకు పత్తిచేను. మీసం కూడా. మర్నాడు పొద్దున్నే షాపుకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"బావా, కాయితం మీద ఎంత ఉందో మొహం మీద అంత చెయ్యి" అన్నాడు.

"అంటే ఏటి?"

"అయిదేళ్లు తియ్యి. రంగెయ్యి. నీకు చేతకాదంటే చెప్పు, పక్క ఊరు పార్క్ రైనీలో వేరే మంగలి కుర్చీ ఉంది."

"అయిదేళ్లు తియ్యడానికి నేను మంగలిని, మీ నాన్నని కాను" అన్నాను.

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. నా షాపులో రంగు వెయ్యను. గోడ మీద నా చేత్తో ఇంగ్లీషులో రాసి పెట్టుకున్నాను కూడా, ఇక్కడ జుట్టుకి రంగు వెయ్యబడదు అని. దానికో కారణం ఉంది. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఒక బడిపంతులుకి పొడిరంగు వేశాను, పెళ్లికి వెళ్లాలన్నాడు. సాయంత్రానికి చెవులు వాచి, మెడంతా దద్దుర్లు. ఆయన మంచివాడు, ఏమనలేదు. డాక్టరు నాకు చెప్పాడు, ఆ నలుపు కొందరి ఒంటికి పడదు, ఎవరికి పడదో చూసి చెప్పలేం, చెవి వెనక గోరంత రాసి రెండు రోజులు ఆగి చూడాలి, కంటి దరిదాపులకి అసలు పోకూడదు అని. ఆ రోజుతో మానేశాను.

ఇది అప్పల్సామికి చెప్పాలి కదా. చెప్పలేదు. ఏం చెప్పానంటే, పరువు గురించి చెప్పాను. తెల్లజుట్టు తప్పా, దొంగతనం చేశావా, ఆ కుర్రకుంక ముందు వేషం వేసుకుని నిలబడతావా, మీ నాన్న చెరకు నరికి నరికి తెల్లబడ్డాడు, ఎవరికి రంగు చూపించాడు అని. షాపులో ఉన్న ఇద్దరూ తలూపారు. తలూపేవాళ్లుంటే నాకు నోరు ఆగదు, నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

వాడు కుర్చీలోంచి లేచాడు. "నీకేం బావా, నీ షాపుకి నువ్వే యజమాని. నీ గడ్డం నువ్వు గీసుకుంటావు" అని వెళ్లిపోయాడు. నేను వెనక్కి పిలవలేదు. పిలిస్తే తగ్గినట్టు అనుకున్నాను. తగ్గితే ఏమయ్యేది, చెప్పు. చెవి వెనక గోరంత రాసి ఉంటే రెండు రోజుల్లోనే తేలిపోయేది.

రెండో రోజు తెల్లవారి వాడి పెళ్లాం పరిగెత్తుకొచ్చింది. వెళ్లి చూస్తే మంచం మీద మొహం లేదు బాబూ, పొంగిన పూరీలా ఉంది. కళ్లు రెండు గీతలు. నెత్తి మీద నీరు కారే పొక్కులు. ఆ వాపు మధ్య జుట్టు మటుకు నల్లగా, కాకిలా నిగనిగలాడుతోంది. మార్కెట్లో పొడి కొన్నాడు. తలకీ మీసానికీ కాయితం మీద రాసినట్టే నీళ్లలో కలిపి వేసుకున్నాడు.

"కళ్లకేం చేశావురా?" అన్నాను.

"కనుబొమలు తెల్లగా ఉండిపోయాయి బావా. రెప్పలు కూడా. నీళ్లయితే కారిపోతుందని ఆముదంలో రంగరించాను. కాటుకలాగ."

"ఎవడు చెప్పాడు నీకు?"

"నువ్వే."

నేనే. వాడి పెళ్లికి నేనే వాణ్ణి పెళ్లికొడుకుని చేశాను. మనలో బావే కదా చెయ్యాలి. నలుగు పెట్టి, గడ్డం గీసి, దీపం మసి ఆముదంలో రంగరించి కళ్లకి పెట్టాను, బుగ్గన చుక్క పెట్టాను, అప్పుడే మొలుస్తున్న మీసానికి కూడా ఆ మసే రుద్దాను, నిండుగా కనబడాలని. రెప్ప కిందికి లాగి లోపలి అంచు మీద సన్నగా ఎలా గీయాలో అద్దంలో చూపించాను. చలవరా, ఎంత ఉంచితే అంత మంచిది అని కూడా అన్నాను. అది మసి, నాయనా. మసీ ఆముదమూ ఎవరి కన్నూ పాడు చెయ్యవు. వాడు ఏ నలుపైనా నలుపే అనుకున్నాడు. రాత్రంతా ఉంచాడు, మంట పుడితే చలవ పట్టేముందు అలాగే ఉంటుందనుకున్నాడు.

ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, నన్ను చూసి ఇంగ్లీషులో అడిగింది, మీరు బార్బర్ అట కదా, ఇది మీరు వేశారా అని. కాదన్నాను. కాదనడానికి నాకు సిగ్గేసింది. కుడికన్ను వాపు తగ్గుతుంది, ఎడమ కంటి నల్లగుడ్డు మీద పుండు పడింది, చూడాలి అంది. ముందు ఆ జుట్టంతా తీసెయ్యాలి అంది. ఎవరు తీస్తారు, నేనే. పొక్కుల మీద కత్తి ఆనదు. చిన్న కత్తెరతో, ఒక్కో కుచ్చూ మొదలంటా, పూటంతా పట్టింది. మీసం కూడా. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. "బావా, ఫోటోకి ఎన్నాళ్లుంది?" అని మూడుసార్లు అడిగాడు.

ఫోటో అయిపోయింది. వీడు ఆస్పత్రిలో ఉండగానే. కండక్టరు కుర్రాడు యార్డులో నిలబడి, మడాలాకి బాగులేదు, ఆయన కోసం ఒక్క వారం ఆగండి అని అడిగాడట. అడిగినందుకు వాడికీ తిట్లే.

ఇంక ఓటు సంగతి, తెల్లవాళ్లతో పాటు ఇక్కడ అందరికీ మొట్టమొదట వచ్చిన ఓటు. ఏప్రిల్లో. మీరంతా పుస్తకాల్లో చదివుంటారు ఆ వరసల గురించి. నేను నిలబడ్డాను. మొదట్లో చెప్పిన రోజులవే అవి. అప్పల్సామి ఎడమకంటికి గుడ్డ కట్టుకుని నాతో వచ్చాడు. వద్దంటే వినలేదు, మా ఇంట్లో అందరం అంతే. ఇక్కడ మనవాళ్లలో తలా మీసమూ తీస్తే ఒకటే అర్థం కదా, ఇంట్లో పెద్దవాళ్లు పోయారని. వరసలో ఉన్న ప్రతి తెలుగు మొహమూ దగ్గరికొచ్చి, "అయ్యో, ఎవరు పోయారు?" అని. ఒక పిన్ని ఏడుపు కూడా మొదలెట్టింది.

"ఎవరూ పోలేదు పిన్నీ" అన్నాడు వీడు. "మా బావకి చేతులు ఊరుకోవు."

జనం నవ్వారు. నేను నేల చూస్తున్నాను. ఇంతలో మెళ్లో కార్డులు వేసుకున్న కుర్రాళ్లు వరస వెంబడి వచ్చి, తెల్లజుట్టువాళ్లని ఏరి ముందుకి పంపుతున్నారు. నల్లవాళ్లని, మనవాళ్లని, అందరినీ. రండి బాబా, రండి గోగో, మీరు చాలాకాలం ఆగారు అని చెయ్యి పట్టుకుని మరీ. జులూలో బాబా అంటే అయ్య, గోగో అంటే అవ్వ. అన్నేళ్లలో తెల్లజుట్టుకి ముందు చోటు ఇవ్వడం నేను చూడటం అదే మొదలు. నా చెయ్యి పట్టుకున్నారు. అప్పల్సామిని వదిలేశారు. వాడి తల మీద తెలుపూ లేదు, నలుపూ లేదు.

"వీడు కూడా ముసలాడే, యాభై ఎనిమిది" అన్నాను.

ఆ కుర్రాడు అప్పల్సామి గుర్తింపు పుస్తకం తెరిచి చూశాడు. యాభై మూడు. నవ్వి, "అంకుల్ ఇంకా యంగ్" అన్నాడు.

నేను ముందుకి పోలేదు. నా టోపీ తీసి వాడికి పెట్టాను, కంటికి ఎండ తగలకూడదని డాక్టరమ్మ చెప్పింది. పొద్దున ఏడింటికి నిలబడ్డవాళ్లం, మూడు దాటాక లోపలికి వెళ్లాం. వరసలో ఉండగానే వాడు అన్నాడు, "బావా, చెవి వెనక రాసి చూడాలని ఆస్పత్రిలో చెప్పారు. నీకు తెలుసా ఆ సంగతి?" అని. తెలుసన్నాను. ఆ మాట మా ఆవిడకి ఎవరు చేరవేశారో తెలియదు, వానలు తిరిగొచ్చేదాకా నాకు అన్నం వడ్డించింది గానీ నాతో మాట్లాడలేదు.

ఇప్పటికీ ఆదివారం ఆదివారం వస్తాడు. కుర్చీలో కూర్చుంటే తువ్వాలు నేనే వేస్తాను. మొహం బాగా తేరుకుంది, వాడిది మంచి తోలు. నువ్వు మటుకు, బాబూ, నీకు చెంపల దగ్గర రెండు తెల్లవి కనబడుతున్నాయి, వాటిని పీకకు, వాటికేమీ పూయకు, నూరేళ్లు చల్లగా ఉండు. ఎవడైనా ముసలి మొహం పనికిరాదంటే వాడికి నా షాపు అడ్రసు చెప్పు.

అప్పల్సామి ఎడమకంటికి చూపు రాలేదు. ఆ ఏడు ఆగస్టులో పెద్ద బండి లైసెన్సు వెనక్కి తీసుకున్నారు. అప్పటికి వాడు బస్సు నడపబట్టి ముప్పై రెండేళ్లు.